ఎనిమిది కిలోమీటర్ల కొరత

మా వాకిలి నుంచి మా అమ్మాయి వాకిలికి యాభై ఒక్క కిలోమీటర్లు. మా అబ్బాయి కారు ఒకసారి ఛార్జి పెడితే కరెంటుతో పోయేది నలభై మూడు. తక్కువైన ఆ ఎనిమిది కిలోమీటర్ల వల్ల మా రెండిళ్ళ మధ్య తొమ్మిది నెలలు కూడూ నీళ్ళూ లేకుండా పోయాయి.

అబ్బాయి పేరు రామసుబ్బు. కోవిల్‌పట్టిలో కడలైమిట్టాయి, అంటే పప్పుచెక్క, చేసేవాళ్ళకు వేరుశనగ పప్పు ఒలిచి ఇచ్చే షెడ్డు నడుపుతాడు. నేను వాడి దగ్గరే ఉంటాను. తరతరాలుగా అరవనాట ఉన్న తెలుగువాళ్ళం కాబట్టి మా మాటల్లో బండి ‘వండి’ అవుతుంది, నొక్కి చెప్పే ప్రతి మాటకూ ఒక ‘దా’ తగులుతుంది. అమ్మాయి సెల్వి. విరుదునగర్‌లో మిరపకాయల మండి ఉన్న ఈశ్వరన్‌కు ఇచ్చాము. ఇద్దరు మగవాళ్ళూ మంచివాళ్ళే, విడివిడిగా చూస్తే.

కారు ఒక కోయంబత్తూరు మిల్లు యజమాని వాడుకుని అమ్మేసిన విదేశీ బండి. దానికి రెండు పొట్టలు. ఒకదాంట్లో పెట్రోలు పోయాలి. ఇంకొకదానికి సెల్‌ఫోనుకు పెట్టినట్టు కరెంటు పెట్టాలి. కరెంటు అయిపోగానే పెట్రోలు ఇంజను దానంతటదే అందుకుంటుంది. నాకు తెలివైన ఏర్పాటుగానే కనిపించింది. పోయేచోటికి చేరడం ముఖ్యం గాని, ఏ పొట్టతో చేరితే ఏమి? కానీ రామసుబ్బు ఊరంతా ‘కరెంటు కారు కొన్నాను’ అని చెప్పుకున్నాడు. పెట్రోలు ఇంజను మోగితే వాడికి నలుగురిలో పంచె జారినంత సిగ్గు.

నాకు ఆ కారుతో ఉన్న తగువు వేరు. అది సద్దు చేయకుండా పోతుంది. నా బతుకులో నన్ను విడిచి పోయినవాళ్ళందరూ సద్దు చేసే పోయారు. మా అక్కను అరుప్పుకోట్టైకి కాపురానికి తీసుకుపోయిన ఎడ్ల మెడల్లో గంటలు, మా ఆయన చివరిసారి ఎక్కిన శివకాశి బస్సు హారను ఇప్పటికీ నా చెవుల్లోనే ఉన్నాయి. ఆ రోజు పాలు పొంగుతున్నాయని నేను వాకిట్లోకి రాలేదు. హారను మాత్రం విన్నాను. అదైనా దక్కింది. ఈ కారు అదీ దక్కనివ్వదు. “పోయొస్తానమ్మా” అన్న మాట విని పొయ్యి దగ్గర నుంచి నేను లేచి వచ్చేలోపు వాకిట్లో ముగ్గు తప్ప ఇంకేమీ ఉండదు.

“వీధి చివర ఒకసారి హారను కొట్టి పోరా” అని అడిగాను.

“హారనుకు కూడా కరెంటు అవతాదమ్మా” అన్నాడు.

వినాయకచవితి వచ్చే ఆవణి నెలలో కొత్తగా కొన్న కారు చూపించడానికి మమ్మల్ని ఎక్కించుకుని విరుదునగర్ పోయాడు. సాత్తూరు దాటినాక కొంతదూరం పోయి ఇంజను అందుకుంది. ఈశ్వరన్ వాకిట్లో ఆగేసరికి గురగురమంటూనే ఉంది. అల్లుడు చేతులు కట్టుకుని కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

“ఏమి బామర్దీ, కరెంటు వండి అంటివి? పొట్టలో ఏమో దగ్గుతాండాది?”

“ఎనిమిది కిలోమీటరుదా బావా పెట్రోలు. మిగతాదంతా కరెంటుదా.”

“ఇద్దరు పెండ్లాల మొగుడు మాదిరి ఉండాది నీ వండి. ఒక ఇంట్లో తింటాది, ఇంకొక ఇంట్లో నిద్రపోతాది.”

అప్పటికి అందరూ నవ్వారు, రామసుబ్బు కూడా. కానీ ఈశ్వరన్ ఒక హాస్యాన్ని ఒక్కసారితో వదిలే మనిషి కాదు. ఆకులు వేసి, అన్నం వడ్డించి, రసం పోస్తున్నప్పుడు మళ్ళీ మొదలుపెట్టాడు.

“ఆ ఎనిమిది కిలోమీటరుకు ఒక ఎద్దును కట్టుకో బామర్దీ. మా మండి పక్కన ముసలిది ఒకటి ఉండాది. నీ వండికి సరిపోతాది.”

మా వాడు సగం తిన్న ఆకు ముందు నుంచి లేచాడు. ఆడపడుచు ఇంట సగం ఆకు మీద లేవడమంటే మా వాళ్ళలో చిన్న సంగతి కాదు. సెల్వి చేతిలో రసం గిన్నె అలాగే ఉండిపోయింది.

“మా వాకిలి నుంచి ఈ వాకిలికి ఒక్క ఛార్జిలో, ఇంజను సద్దు లేకుండా వచ్చేదాకా ఈ ఇంట్లో నేను కూడు ముట్టను. నీళ్ళు ముట్టను. ఇది సబదం” అన్నాడు, ఎంగిలి చేయి ఆకు మీద పెట్టి.

“కూర్చోరా” అన్నాను నేను. కూర్చోలేదు.

తర్వాత రెండుసార్లు చెల్లెల్ని చూడడానికి బస్సులో పోయాడు. అరుగు మీద కూర్చుని, సొంత సీసాలో నీళ్ళు తాగి, తిరిగి వచ్చాడు. సెల్వి నాకు ఫోను చేసి ఏడ్చింది. ఏడవవద్దని చెప్పి, పెట్టేసి, నేను ఏడ్చాను. ఇలాంటివి మొదట ఒక పూట భోజనంతో మొదలవుతాయి. తర్వాత పండక్కి రారు. తర్వాత పెళ్ళికి పత్రిక పోస్టులో వస్తుంది. మా పుట్టింటి వాళ్ళలో ఒక మజ్జిగ చెంబు గురించి విడిపోయిన అన్నాచెల్లెళ్ళు ఉన్నారు. ఒకరి చావుకు ఒకరు పోలేదు.

ఇంతలో మనవరాలు సంగవికి చెవులు కుట్టే రోజు పెట్టారు, ఎండాకాలం చివర వచ్చే వైకాసిలో. చెవులు కుట్టేటప్పుడు పిల్ల మేనమామ ఒళ్ళో కూర్చోవాలి. మేనమామ సీరు, అంటే సారె, తేవాలి, ఇరవై ఒక్క తాంబాళాలు. అదంతా రామసుబ్బు చేస్తాడు, అందులో వాడికి లోటు లేదు. చిక్కు ఆ తర్వాతది. చెవి కుట్టినాక మొదటి ఆకు మేనమామది. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటేగాని ఇంకెవరికీ వడ్డించరు. మూడు వందల మందిని పిలిచారు.

“మండపంలో పెట్టుకుంటే ఏమి? అప్పుడు అది ఇల్లు కాదు కదా” అని సెల్వి అడిగిందట.

“నా బిడ్డకు నా ఇంట్లోదా చెవి కుట్టేది. అతను తినకుంటే ఎవరూ తినకుండా పోనీ” అన్నాడట ఈశ్వరన్.

ఇక మిగిలింది ఒకటే దారి. కారు ఇంకో ఎనిమిది కిలోమీటర్లు పోవాలి.

రామసుబ్బు ముందు కోయంబత్తూరుకు ఫోను చేసి ఇంకొక బ్యాటరీ వేస్తారా అని అడిగాడు. అలా వేసే వండి కాదన్నారు. తర్వాత మదురైలో ఇలాంటి కార్లు చూసే వసంతకుమార్ అనే మెకానిక్‌ను అడిగాడు. ‘మెల్లగా పోండి, ఏసీ వేయకండి, బరువు తగ్గించండి’ అన్నాడట. ఆ మూడు మాటలూ మా ఇంట్లో మంత్రాలైపోయాయి.

“సాత్తూరులో ఎవరి ఇంటి దగ్గరైనా నిలిపి కొంచెం ఛార్జి పెట్టుకోరా” అన్నాను.

“నాలుగు గంట్లు పట్తాదమ్మా. అదీగాక బావ ఏమంటాడు? దారిలో గ్లూకోజ్ ఎక్కించుకుని వచ్చిందంటాడు. ఒక్క ఛార్జి అంటే ఒక్క ఛార్జిదా.”

ఇంకొక ఆలోచన కూడా చేశాడు. శుభకార్యాలు చేయకూడని ఆడి నెలలో గాలి బలంగా తోస్తుంది కాబట్టి చెవి కుట్టడం ఆడికి మార్చమని చెల్లెలికి ఫోను చేశాడు.

“గాలి కోసం ఆడిలో ఎవరన్నా చెవి కుట్తారా అన్నా? నీకు బుద్ది ఉండాదా?” అని సెల్వి పెట్టేసింది.

కారులో నుంచి స్పేర్ టైరు దించాడు. జాకీ దించాడు. కాళ్ళ కింద పట్టాలు దించాడు. వెనక సీటు ఊడదీయించి హాల్లో పెట్టాడు. చూడడానికి వచ్చినవాళ్ళు దాని మీదే కూర్చునేవాళ్ళు. చక్రాల్లో గాలి ఎంత కొట్టించాడంటే రోడ్డు మీద చిన్న రాయి ఎక్కినా నా పళ్ళు కలుసుకునేవి. దినమూ తెల్లారగానే బైపాసు దాకా పోయి వచ్చి ఒక ఛార్జికి ఎన్ని కిలోమీటర్లు లాగుతుందని కారు చూపిస్తోందో చెప్పేవాడు. నలభై నాలుగు. నలభై ఐదున్నర. నలభై ఏడు. పరీక్ష మార్కులు వచ్చిన పిల్లవాడిలాగా ఉండేది ముఖం. నలభై తొమ్మిది దగ్గర ఆగిపోయింది.

అప్పుడు మనుషుల మీద పడ్డాడు.

షెడ్డులో మూటలు తూచే కాటా ఉంది. దాన్ని చూసుకునే మాయాండి మా వాళ్ళలోని ముసలాయనే. రామసుబ్బు ఇంటిల్లిపాదినీ అక్కడికి తీసుకుపోయాడు. ముందు తాను ఎక్కాడు, డెబ్బై ఒకటి. నన్ను ఎక్కించాడు, నలభై ఏడు. తర్వాత కోడలు యువరాణి వంతు.

“నేను ఏమి మూటనా?” అంది.

“ఎక్కు. అందరమూ ఎక్కినాము కదా.”

ఎక్కింది. మాయాండి ముల్లును చూశాడు. యువరాణిని చూశాడు. మళ్ళీ ముల్లును చూశాడు.

“ఎనబై నాలుగు... చీర తడిగా ఉండాదేమో అమ్మా” అన్నాడు మర్యాదగా.

“అమ్మ వస్తాది. నువ్వు సీరు వండిలో రా” అన్నాడు రామసుబ్బు, వేరుశనగల్లో పుచ్చు ఏరినట్టు.

యువరాణి కాటా దిగి, కొంగు దులుపుకుని, “అత్తా, మీరు ఎముకలు మాత్రం ఉండారు కాబట్టి మీకు సీటు. ఈ మనిషి దగ్గర చిక్కిపోతేదా మరియాద” అని ఇంటికి నడిచిపోయింది. రెండు దినాలు మా వాడికి నిన్నటి కూరే వడ్డించింది.

నన్ను తీసుకుపోవడానికి ఇంకొక కారణం ఉంది. కారులో స్టీరింగు వెనక చిన్న పలక మీద ఇంకెన్ని కిలోమీటర్లకు కరెంటు ఉందో అంకె కనిపిస్తుంది. వాడు రోడ్డు చూడాలా, అంకె చూడాలా? నేను బడికి పోనిదాన్ని. పొట్లాల కాగితాల మీద, సినిమా పోస్టర్ల మీద నాకు నేనే అక్షరాలు కూడబెట్టుకున్నాను. కనిపించిందల్లా చదవడం నాకు అలవాటు, ఎవరూ అడగకపోయినా. ఈసారి అడిగారు.

“ఒక వండి పెట్రోలు తాగకూడదని ఇంకొక వండికి డీజిల్ పోస్తాండావే. ఇది ఏమి లెక్కరా?” అన్నాను.

“అది సబదం లోపల రాదమ్మా.”

చెవి కుట్టే రోజు ఆరున్నరకు బయలుదేరాము. సీరుతో చిన్న లోడు వండి, దాని డ్రైవరు పక్కన పట్టుచీరతో యువరాణి. వెనక కారులో మేమిద్దరం. ఆఖరి వారమంతా నత్తలా నడిపి చూసినందుకు పలక మీద యాభై రెండు చూపుతోంది. పోవలసింది యాభై ఒకటి. రామసుబ్బు చెప్పులు కూడా లోడు వండిలో వేశాడు. నావీ వేయమన్నాడు. వేశాను. చేతి సంచి వేయమన్నప్పుడు మాత్రం ఇవ్వలేదు. దాంట్లో నా మాత్రలున్నాయి.

ఏసీ లేదు. అద్దాలు దించితే గాలి దూరి బండిని వెనక్కి లాగుతుందని అద్దాలూ ఎత్తేశాడు. నేను ఒక చేత్తో అట్టముక్కతో వాడికి విసురుతూ, తల వంచి అంకె చదువుతూ కూర్చున్నాను.

“యాభై ఒకటి.”

“సరి.”

“యాభై.”

“అప్పుడేనా?”

“నేను ఏమి చేసేది? అది చూపించేదిదా చదువుతాండా.”

నాలుగు వరుసల రోడ్డు మీద గంటకు నలభై కిలోమీటర్లతో పోతున్నాము. లారీలు హారను కొట్టి దాటిపోయాయి. బస్సులు దాటిపోయాయి. శివకాశికి ఆడవాళ్ళను తీసుకుపోతున్న ఫ్యాక్టరీ వ్యాను ఒకటి దాటుతుంటే, కిటికీలోంచి ఒక పిల్ల, “పాటీ, దిగి తోయి” అని అరవంలో నన్ను అవ్వను చేసి అరిచింది. వ్యానంతా నవ్వు. ఆ తర్వాత ఒక ట్రాక్టరు దాటింది. దాని డ్రైవరు మా వైపు జాలిగా చూశాడు.

లోడు వండి ముందుపోయి, ఆగి, మేము దాటినాక మళ్ళీ మమ్మల్ని దాటుతూ వచ్చింది. దాటిన ప్రతిసారీ యువరాణి పెళ్ళికూతురు ఊరేగింపులో ఊపినట్టు చేయి ఊపింది. సాత్తూరు దగ్గర దిగి దోసకాయలు కొంటూ కనిపించింది. తర్వాత దాటినప్పుడు ఒకటి కొరుకుతూ, ఒకటి మాకు చూపిస్తూ పోయింది.

“చూడవద్దమ్మా. అంకె చూడు.”

“ఇరవై తొమ్మిది.”

పోవలసింది కూడా ఇరవై తొమ్మిదే. మా వాడి మెడ మీద నుంచి చెమట కారుతోంది. ఒక వరిగడ్డి లారీ కనిపిస్తే దాని వెనక చేరాడు. ముందు పెద్ద బండి ఉంటే గాలి దానికి తగులుతుంది, మనకు తగలదు, కరెంటు మిగులుతుంది అన్నాడు. నిజమే, చాలాసేపు అంకె కదలలేదు. కానీ గడ్డంతా మా అద్దం మీద రాలింది. తుడిచే కడ్డీ వేస్తే అదీ కరెంటే. వాడు మెడ చాచి, గడ్డి సందుల్లోంచి రోడ్డు చూస్తూ నడిపాడు. నేను నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. ఇరుక్కంగుడి మారియమ్మకు రెండుసార్లు, దారి పక్కనే ఉంది కాబట్టి.

టోల్‌గేటు దగ్గర పదహారు. పోవలసింది పదమూడు! మూడు మిగులు. వాడు మాట్లాడితే అయిపోతుందేమోనన్నట్టు పెదవులు బిగించుకున్నాడు. విరుదునగర్‌లోకి తిరిగినప్పుడు ఐదు. మండి వీధి, మిరపఘాటు, గుడి మలుపు. ఈశ్వరన్ వీధిలోకి తిరిగాము. అంకె రెండు. ఇంకా రెండు కిలోమీటర్లు పోవచ్చు, వాకిలి నూరు అడుగుల్లో ఉంది. వీధి నిండా పందిరి. సెల్వి ఆరతి పళ్ళెంతో నిలబడి ఉంది. యువరాణి పక్కనే ఉంది. పందిట్లో జనమంతా నోరు మూసుకుని చూస్తున్నారు. ఈశ్వరన్ చెవికి చేయి అడ్డం పెట్టుకుని ముందుకు వంగి వింటున్నాడు.

సద్దు లేదు.

“వస్తిమమ్మా” అన్నాడు రామసుబ్బు. తొమ్మిది నెలల తర్వాత వాడి మొహంలో నవ్వు.

అప్పుడు ఇంజను అందుకుంది.

మా వాడు బ్రేకు మీద రెండు కాళ్ళూ పెట్టి నిలబెట్టేశాడు. అంకె చూశాను. రెండే. పలక మీద ఇంకేదో పెద్ద వాక్యం ఇంగ్లీషులో వచ్చింది. నేను ఒక్కొక్క అక్షరం కూడబలుక్కునేలోపు అది పోయింది.

“రెండు ఉండాది కదమ్మా? ఇంకా రెండు ఉండాది కదా?” అని స్టీరింగును అడుగుతున్నాడు, నన్ను అడుగుతున్నాడు, ఆకాశాన్ని అడుగుతున్నాడు.

దిగి, చెప్పులు లేని కాళ్ళతో వీధి మధ్య నిలబడి, మదురై వసంతకుమార్‌కు ఫోను చేశాడు. తొందరలో స్పీకరు నొక్కుకుంది. వీధంతా విన్నది.

“సార్, పెట్రోలు ఎప్పుడు పోశారు?”

“ఆవణిలో!” అన్నాడు గర్వంగా. “తొమ్మిది నెలలుగా ఒక్క చుక్క పోయలేదు. ఒక్క చుక్క కాల్చలేదు.”

“అందుకే సార్. పెట్రోలు పాతబడితే చెడిపోతుంది. అందుకని చాలా నెలలు వాడకపోతే ఈ బండి తానే ఇంజను వేసుకుని దాన్ని కాల్చేస్తుంది. బండిలో తప్పేమీ లేదు. మీరు మధ్యమధ్య కొంచెం వాడి ఉంటే ఇలా అయ్యేది కాదు.”

వీధిలో మొదట ఎవరు నవ్వారో తెలియదు. కాటా దగ్గర చీర తడిగా ఉందన్న మాట గుర్తొచ్చిందేమో, యువరాణి అనుకుంటాను. తర్వాత పందిరి కొయ్యలు ఊగాయి.

“ఇప్పుడు ఏమి చేసేది?” అని రామసుబ్బు ఫోనులోకి గొణిగాడు.

“ఆపితే మళ్ళీ తీసినప్పుడు మొదలుపెడుతుంది సార్. అలాగే వదిలేయండి. ఏసీ పెద్దగా పెట్టండి, తొందరగా అయిపోతుంది.”

కారు నిలిచిన చోటు ఎదురింటి కరుప్పయ్య వాకిలి. అక్కడే ఏసీ పెద్దగా పెట్టి, గురగురమంటూ వదిలేసి, మా వాడు సీరు వెనక నడిచి పోయాడు. ఇరవై ఒక్క తాంబాళాలూ దించారు. సంగవిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. కంసాలి కుడిచెవి కుట్టగానే పిల్ల వాడి చొక్కా పట్టుకుని కేక పెట్టింది. ఎడమచెవికి వాడే పిల్లకంటే ముందు కళ్ళు మూసుకున్నాడు. అంతా సలక్షణంగా జరిగింది. తర్వాత మొదటి ఆకు వేశారు.

మా వాడు లేచి పోయి అరుగు మీద కూర్చున్నాడు, సొంత సీసా పట్టుకుని.

పెద్దవాళ్ళు కూడారు. ఈశ్వరన్ చిన్నాయన ముత్తురామన్ మెడ తువ్వాలు సవరించుకుని, “ఇంజను వండిని లాగలేదు. గొంతు సవరించుకుందంతే. దాన్ని సద్దు అనకూడదు” అని తీర్పు చెప్పాడు.

“సద్దు సద్దేదా చిన్నాయనా. అబద్దంతో నాకు కూడు వద్దు” అన్నాడు రామసుబ్బు.

“అత్తా, మీరు పక్కనే ఉంటిరి. మీరు చెప్పండి. వినిందా?” అన్నాడు ఈశ్వరన్.

అతని గొంతులో హాస్యం లేదు. మూడు వందల మంది ఆకలితో నన్ను చూస్తున్నారు. సెల్వి కళ్ళతోనే ‘లేదని చెప్పమ్మా’ అంటోంది. చెప్పాలనే నోరు తెరిచాను.

“నాకు చెవుడు” అన్నాను.

“అమ్మకు మూడో వీధిలో పాలవాని సైకిలు వినిపిస్తాది” అన్నాడు నా కొడుకు.

పదకొండు దాటింది. రేకుల పందిరి కింద ఎండ సాంబారు కంటే ఎక్కువగా కాగుతోంది. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. వంటవాడు వచ్చి అప్పడాలు మెత్తబడుతున్నాయన్నాడు. ఆ మాటతో సెల్వి మొదటి ఆకును రెండు చేతులతో, పదార్థాలతో సహా ఎత్తి, వీధి దాటి, కారు తలుపు మోచేత్తో తెరిచి, డ్రైవరు పక్క సీటులో పెట్టింది.

“అన్నా, నువ్వు ఏమంటివి? ‘ఈ ఇంట్లో కూడు ముట్టను’ అంటివి. ఇది నీ వండి. నిలిచింది కరుప్పయ్య మామ వాకిలి. ఎక్కి తిను.”

రామసుబ్బు వకీలు మాదిరి ఆలోచించాడు. “వండింది మీ ఇంట్లో కదా?”

“వండింది వంటవాడు. పందిట్లో. పందిరి ఉండేది మున్సిపాలిటీ వీధిలో. ఇంకేమన్నా ఉండాదా?”

ఇంకేమీ లేదు. ఎక్కి, ఆకు ఒళ్ళో పెట్టుకున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే పందిట్లో మూడు వందల మంది ఒక్కసారిగా కూర్చున్న సద్దు వచ్చింది.

కాసేపటికి ఈశ్వరన్ తన ఆకు పట్టుకుని వచ్చి అవతలి తలుపు తట్టాడు. “తలుపు తియ్యి బామర్దీ. మేమంతా బయట వేగుతాండాము, నువ్వు ఊటీలో కూర్చోనుండావు.”

స్టీరింగుకూ పొట్టకూ మధ్య ఆకు పెట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరూ ముందుకు చూస్తూ నమిలారు. తర్వాత ముత్తురామన్ వచ్చి, కారులో వెనక సీటు లేని చోట చాప వేయించుకుని కూర్చున్నాడు. ఆయన చల్లగా ఉందని చెప్పగానే ముసలివాళ్ళంతా వరుస కట్టారు. వంటవాడి మనుషులు కారుకు వేరే పంతి అని లెక్కపెట్టి, ముగ్గురేసి చొప్పున వడ్డించారు. పాత పెట్రోలుతో పధ్నాలుగు మంది పాయసం తాగారు. మిగిలిన పెట్రోలు అప్పటికి అయిపోయి ఇంజను ఆగింది.

అందరూ సంతోషంగానే ఉన్నారు. నేనొక్కదాన్నే అరుగు మీద కూర్చుని లోలోపల లెక్కపెట్టుకుంటున్నాను. వీధిలో తిన్నాడు, కారులో తిన్నాడు. గడప లోపల తినలేదు. సబదం అలాగే ఉంది. ఈ రోజు గడిచింది, ముందు దీపావళి వస్తుంది. వకీలు మాటతో ఒక పంతి దాటవచ్చు, ఒక జన్మ దాటలేము.

సాయంత్రం నాలుగుకు, “పోయేటప్పుడైనా కరెంటుతోనే పోతా” అన్నాడు రామసుబ్బు. “ప్లగ్గు పెట్టుకోవాలి బావా.”

“పెట్టుకో. కరెంటు ముట్టనని సబదం చేయలేదు కదా?”

“పెద్ద ప్లగ్గు కావాలి. ఎక్కడుండాది?”

“వంటింట్లోదా. గ్రైండరు వెనక.”

కారును నలుగురు వాకిటిదాకా తోశారు. మా వాడు వైరు భుజాన వేసుకుని గడప దాటి, హాలు దాటి, వంటింట్లోకి పోయాడు. వెనక ఈశ్వరన్. వెనక నేను, ఏ మాట వస్తుందోనని భయంతో. సెల్వి పొయ్యి దగ్గర మిగిలిన అరిసెలు డబ్బాలో సర్దుతోంది.

రామసుబ్బు గ్రైండరు వెనక గొంతుక్కూర్చుని ప్లగ్గును అటూ ఇటూ చూశాడు. జేబులోంచి టెస్టరు తీశాడు.

“బావా, దీనికి ఎర్త్ వైరు వేసిండారా?”

“వేసేదా ఉండాలి.”

“ఉండాలి అంటే? ఎర్త్ లేకుంటే ఈ వండి కరెంటు తీసుకోదు. ఎవరు వేసింది ఈ వైరింగు?” అని చేయి వెనక్కి చాచాడు, టార్చి అడుగుతున్నట్టు.

సెల్వి ఆ చేతిలో ఒక అరిసె పెట్టింది.

వాడు చూడలేదు. టెస్టరు లైటును చూస్తూ అరిసె నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. “లైటు వెలిగీ వెలగక ఉండాది చూడు బావా” అన్నాడు.

ఈశ్వరన్ చూశాడు. అతని మీసం కింద హాస్యం కదిలింది, నోరు తెరుచుకుంటోంది. అల్లుడి మీద అత్త చేయి పడకూడదని నాకు తెలుసు. జబ్బ పట్టుకుని గట్టిగా గిల్లాను.

అతను నన్ను చూశాడు. నోరు మూశాడు. తర్వాత, “ఆమా, అవును బామర్దీ. తప్పు నాదిదా. ఎర్త్ సరిగా వేయించలేదు” అన్నాడు.

పెళ్ళయిన పన్నెండేళ్ళలో అతను తప్పు నాదని చెప్పగా నేను వినడం అదే మొదలు. సెల్వి చాచిన చేతిలో ఇంకొకటి పెట్టింది. వాడు దాన్ని కూడా తిని, గ్రైండరు వెనక నుంచే, “సెల్వీ, కొంచెం నీళ్ళు ఇయ్యి” అన్నాడు.